ఎక్కడ ఆగాలో తెలిసిన ఉలి

గిటారు పైపలక మందం రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు. ఆరు నైలాన్ తీగలు బిగించాక ఆ పలుచటి చెక్క నలభై కిలోల దాకా లాగుడును ఓర్చుకుంటుంది. ఉక్కు తీగలైతే ఆ బరువు డెబ్బై కిలోల దగ్గరికి పోతుంది. పలక అర మిల్లీమీటరు మందంగా ఉంటే నాదం లోపలే మూగబోతుంది. అర మిల్లీమీటరు పలుచగా ఉంటే తీగల లాగుడుకు కడుపు ఉబ్బి, ఏదో ఒక ఎండాకాలం పగులుతుంది. గిటారు చేసేవాడి విద్య అంతా ఈ అర మిల్లీమీటరు ఇరుకులోనే నిలబడి ఉంది.

అందుకే గిటారు తయారుచేసే గదిలో గోడకు వేలాడే పనిముట్లను చూసినప్పుడు నాకు ఒక గొప్ప కీర్తన నిర్మాణాన్ని చూసినంత ఆనందం కలుగుతుంది. మంచం కోళ్లు చెక్కేవాడికీ తలుపు చేసేవాడికీ కోసే పనిముట్లు చాలు. వాద్యం చేసేవాడికి ఆపే పనిముట్లు కూడా కావాలి. ఉలి పక్కన కొలమానం, రందా పక్కన వెలుగు, గీకే రేకు పక్కన చెవి, నిప్పు పక్కన నీళ్లు ఉండాలి. ఇంత తీశావు, ఇక చాలు అని చెప్పే జోడు ప్రతి కోతకూ ఒకటి ఉంటుంది. ఆ జోడీల పొందికే ఈ గది అందం. ఇంట్లో ఒక మూలన చిన్న పనిగది అమర్చుకోవాలనుకునే వాళ్లు ఈ అందాన్ని ముందు చూడగలిగితే ఏది కొనాలో ఏది వద్దో దానంతట అదే తెలుస్తుంది.

ఇది బుగ్గారంలో కూర్చుని రాస్తున్న మాట. ఒక పక్క ధర్మపురి గోదావరి, ఇంకో పక్క జగిత్యాల మామిడితోటలు. గిటార్ల ఊరు కాదిది. అయితే గిటారుకు కావలసిన చేతిపనులన్నీ ఈ నేలకు ఎప్పటినుంచో తెలుసు. వడ్లవాళ్ల వాకిట్లో రందా, బాడిశ, బర్మ ఉన్నాయి. కమ్మరి కొలిమి ఉంది. వెదురు చీల్చే మేదరి చేతులున్నాయి. వాద్యాలకూ కొదవ లేదు. శారదకాండ్రు భుజాన శారద మోసుకుని కథలు చెప్పిన పల్లెలివి. తీగకూ కర్రకూ బుర్రకూ ఉన్న చుట్టరికం ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ముందు ఉక్కు సంగతి.

కోరుట్ల, మెట్‌పల్లి దాటి పడమటికి పోతే నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు వస్తుంది. డమాస్కస్ కత్తులని లోకం మురిసిపోయిన ఆయుధాలకు ఉక్కుముద్దలు పోసిన ఊళ్లలో అది ఒకటి. ఇనుమును మట్టిమూసలో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కొలిమిలో కాచి, నిదానంగా చల్లార్చి తీసేవాళ్లు. ఆ ముద్దల కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. వోయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ పని కళ్లారా చూసి రాసిన వివరం 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో నేటికీ నేల తవ్వితే ఆ కొలిమిల చిట్టెం, మూసల పెంకులు బయటపడతాయి. ఉలి అంచును గురించి మాట్లాడే హక్కు ఈ ప్రాంతానికి ఇట్లా వచ్చింది.

గిటారు పనికి ఉలులు పెద్దగా అక్కర్లేదు. ఆరు మిల్లీమీటర్లది ఒకటి, పన్నెండుది ఒకటి, పాతికది ఒకటి ఉంటే ఏళ్లు గడుస్తాయి. మెడ మలిచేటప్పుడు గోరులా వంగిన ఉలి ఒకటి తోడుంటే మేలు. బజారులో దొరికేవి వాడవచ్చు. లారీ కమాన్ పట్టీ ముక్కతో కమ్మరి చేసిచ్చిన ఉలి అందం వేరే. కొలిమి దగ్గర కూర్చుని చూస్తే ఆ అందం ఎక్కడినుంచి వస్తుందో తెలుస్తుంది. ఉక్కును ఎర్రగా కాల్చి ముంచితే గాజులా పెళుసవుతుంది. ఆ పెళుసుతనం పోగొట్టడానికి దాన్ని మళ్లీ మెల్లగా వేడిచేస్తారు. మెరుగుపెట్టిన అంచు మీద రంగులు నడుస్తాయి. మొదట లేత గడ్డి రంగు, తర్వాత ముదురు పసుపు, ఆపైన గోధుమ వన్నె, ఊదా, నీలం. గడ్డి రంగు అంచు దాకా వచ్చిన క్షణాన ముంచాలి. ఒక్క ఊపిరి ఆలస్యమైతే ఉలి మెత్తబడుతుంది.

"కాకా, ఇంకింత గట్టిగ చెయ్యరాదా?" అని అడిగితే కొలిమి ముందున్న పెద్దాయన తల ఎత్తకుండానే చెప్పాడు.

"గట్టిగ చేస్తె ఇరుగుతది బిడ్డా. మెత్తగ చేస్తె ఒంగుతది. నడిమిట్ల ఆపాలె."

గిటారు శాస్త్రాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. పైపలకకూ ఇదే సూత్రం, లోపలి బద్దలకూ ఇదే, మెడ ఒంపుకూ ఇదే. పని మొదలుకాక ముందే, పనిముట్టు పుట్టుకలోనే ఆ సూత్రం ఉంది.

ఉలికి జోడు సానరాయి. గిటారు గదిలో అన్నిటికంటే గౌరవంగా చూడవలసింది దీన్నే. మొదట గరుకు రాయి, తర్వాత నున్నటి రాయి, చివర తోలుపట్టీ. పదును పట్టిన ఉలిని దేవదారు జాతి మెత్తటి చెక్క అడ్డపోగు మీద నొక్కితే తెలుస్తుంది. మొద్దు ఉలి ఆ పోగులను చితక్కొట్టి పొడి చేస్తుంది. పదునైన ఉలి కోసిన చోట చెక్క మైనం పూసినట్టు మెరుస్తుంది, ఏడాది వలయాలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. ఆ మెరుపు కనిపించేదాకా సాన వదలకూడదు. కనిపించాక ఇంకా రుద్దకూడదు.

రందా దగ్గరికి వద్దాం. గిటారు పైపలక ఒకే వెడల్పాటి చెక్క కాదు. ఒకే దుంగ నుంచి పక్కపక్కన కోసిన రెండు పలుచటి పలకలను పుస్తకం తెరిచినట్టు తెరిచి, నడుమ అతికిస్తారు. అందుకే గిటారు ముఖం మీద ఎడమ పోగులు, కుడి పోగులు అద్దంలో చూసుకున్నట్టు కనిపిస్తాయి. ఆ అతుకు కనిపించకూడదు. కనిపిస్తే అందం పోవడం అటుంచి, ఆ చోటే రేపు విడుతుంది.

ఈ అతుకు కోసం పొడుగు రందా కావాలి. రెండు పలకలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు రెండూ ఒకే వరసలో వచ్చేలా చెక్క పీఠం మీద బిగించి, రందాను పక్కకు పడుకోబెట్టి నడపాలి. మొదట్లో రందా అక్కడక్కడ తగులుతూ గీరుతుంది, పొట్టు ముక్కలు ముక్కలుగా రాలుతుంది. అంచు సాపవుతున్న కొద్దీ గొంతు మారుతుంది. చివరికి ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకే సన్నటి శబ్దం, ఒకే పొడవాటి పొట్టు. ఉల్లిపొర కంటే పలుచగా, అవతలి అక్షరాలు కనిపించేటంతగా ఉంటుంది. సిరిసిల్లలో మరమగ్గం చప్పుడు కాస్త తేడాపడగానే ఎక్కడో పోగు తెగిందని పద్మశాలి చెవి పట్టేసినట్టు, ఈ పనిలో కంటికంటే ముందు చెవే తీర్పు చెప్తుంది.

అప్పుడు ఆపే పనిముట్టు రంగంలోకి వస్తుంది. అది కిటికీ. రెండు పలకలనూ అంచుకు అంచు ఆనించి కిటికీ వెలుగుకు ఎత్తి చూడాలి. వెంట్రుక మందం వెలుగు గీత ఎక్కడైనా కనిపించిందంటే ఆ చోట ఇంకా తీయాల్సింది మిగిలి ఉన్నట్టు. గీత పూర్తిగా ఆరిపోయిందంటే రందాను కింద పెట్టాలి. కొలబద్దలు చూపలేని తేడాను వెలుగు చూపిస్తుంది. అందుకే గది అమర్చుకునేటప్పుడు బల్ల ఎక్కడ వేయాలనే దానికంటే ముందు కిటికీ ఎటువైపు ఉందో చూడాలి. ఉత్తరపు వెలుగు నిలకడగా ఉంటుంది, నీడలు కదలవు. పైసా ఖర్చులేని ఈ పనిముట్టును పట్టీలో రాయడం అందరూ మరుస్తారు.

ఇక గీకే రేకు. ఈ గదిలో నా మనసు దోచినది ఇదే. చూడటానికి ఏమీ లేదు. అరచేయంత చదరపు ఉక్కు రేకు. పాత చేతిరంపం ముక్కను కత్తిరించుకున్నా సరిపోతుంది. దాని అంచును ముందు ఆకురాయితో తిన్నగా రాకి, సానమీద నున్నగా చేసి, తర్వాత గట్టి ఉక్కు కడ్డీతో అంచు వెంట నొక్కి లాగుతారు. లోహం కంటికి కనిపించనంత చిన్న కొక్కెంగా వంగుతుంది. బొటనవేలితో తాకితేనే తెలుస్తుంది. ఆ కొక్కెమే కత్తి. రెండు చేతులా రేకును పట్టుకుని, బొటనవేళ్లతో కాస్త విల్లులా వంచి, చెక్క మీద తోస్తే పొగలాంటి పొట్టు లేస్తుంది. రేగుమాల్ కాగితం చెక్కను దుమ్ము చేసి పోగుల నోళ్లు మూసేస్తుంది. గీకే రేకు పోగును కోసి వదులుతుంది. దాని కింద నుంచి బయటపడే చెక్క తడి లేకపోయినా తడిసినట్టు రంగు తేలుతుంది. ఒక్కో తోపుకు పోయేది మిల్లీమీటరులో నూరో వంతు పరిధిలోనే. అంటే ఈ రేకు ఎంత కోస్తుందో, అంత ఆగడమూ దానిలోనే ఉంది. తప్పు చేయాలన్నా ఇది తొందరగా చేయనివ్వదు. గిటారు పైపలక చివరి అర మిల్లీమీటరును దీని చేతిలో పెట్టడంలో ఎంత వివేకం ఉందో!

దీని జోడు మందం కొలిచే కాలిపరు, వేలి కణుపు. కాలిపరు పొడవాటి రెండు చేతులతో పలక నడిబొడ్డు దాకా చేరి మందం చెప్తుంది. వేలి కణుపు పలకను తట్టి స్వరం వింటుంది. పలకను పోగులకు అనువైన చోట రెండు వేళ్ల మధ్య వేలాడదీసి తట్టాలి. మందంగా ఉన్నప్పుడు పైస్థాయిలో, కటువుగా పలుకుతుంది. తీసినకొద్దీ స్థాయి దిగుతూ, మోత నిడివి పెరుగుతూ, ఒకచోట గంటలా నిలుస్తుంది. అక్కడ ఆగాలి. దాటితే అట్టను తట్టినట్టు చచ్చుబడుతుంది. అంకె ఒకటే అయినా ఏ రెండు చెక్కలూ ఒకలా పలకవు గనుక కాలిపరు సగం నిజమే చెప్తుంది. మిగతా సగం కణుపు చెప్తుంది.

ఈ విద్యలో మన తెలుగువాళ్లు ఎవరికీ తీసిపోరు. విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కనే గొల్లపల్లి ఉంది. అక్కడ సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. భౌగోళిక గుర్తింపు పొందిన బొబ్బిలి వీణ అదే. ఇళ్ల వాకిళ్లే వాళ్ల పనిగదులు. ఏకాండ వీణ అయితే కుండ, దండి, మెడ అన్నీ ఒకే పనసమాను నుంచి రావాలి. ఎక్కడా అతుకు ఉండదు. గిటారువాడు పలుచటి చెక్కలను వంచి, అతికి, గాలిని బంధిస్తాడు. గొల్లపల్లి వీణకారుడు మొద్దును తొలిచి గాలికి చోటు చేస్తాడు. బాడిశతో మొదలైన పని ఉలి మీదుగా గీకుడు దాకా దిగుతూ, కుండ గోడ ఒకేరీతి పలుచన అయ్యేవరకు సాగుతుంది. అక్కడ కాలిపరు చేతులు పోలేని లోతులుంటాయి. తట్టి వినడమే దారి. పోగొట్టుకున్న చెక్కను తిరిగి అతికించే వీలు ఏకాండంలో లేదు గనుక, ఆపడం అనే విద్యకు అంతకు మించిన పరీక్ష ఉండదు. చిట్టిబాబు, ఈమని శంకరశాస్త్రి వంటి మహానుభావులు పలికించిన వీణానాదం వెనుక ఇలా సమయానికి ఆగిన ఉలులున్నాయి.

మెట్ల దగ్గరకు వచ్చేసరికి రెండు లోకాలు విడిపోతాయి. ఇది నాకు ఎంతసేపు చూసినా తనివి తీరని ఘట్టం.

గిటారు మెట్టు గణితం. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు అనుకుందాం. దాన్ని 17.817తో భాగిస్తే 36.48 వస్తుంది. మొదటి మెట్టు పైకొస నుంచి అంత దూరం. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే 34.43. అది రెండో మెట్టు ఎడం. ఇలా ప్రతిసారీ మిగిలిందాన్ని భాగిస్తూ పోతే పన్నెండో మెట్టు సరిగ్గా 325 దగ్గర, తీగ నడిమధ్యన వచ్చి కూర్చుంటుంది. పూర్వం 17.817కు బదులు 18తో భాగించేవారు. గెలీలియో తండ్రి విన్సెంజో గలీలీ 1581లో అచ్చువేసిన గ్రంథంలో ఆ లెక్క ఉంది. ఆ చిన్న సర్దుబాటు వల్ల పన్నెండో మెట్టు ఇదే తీగ మీద రెండు మిల్లీమీటర్లకు పైగా పైకి జరుగుతుంది. చెవికి అది చాలా పెద్ద దూరం. అందుకే మెట్ల పలకకు రెండు ప్రత్యేక పనిముట్లు కావాలి. ఒకటి మంచి ఉక్కు స్కేలు. దాన్ని ఒకచోట పెట్టి కదపకుండా, దూరాలన్నీ పైకొస నుంచే కొలిచి, బ్లేడు మొనతో గీతలు పెట్టాలి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు కూడుకుని పన్నెండో మెట్టు దగ్గర అపస్వరమై కూర్చుంటాయి. రెండోది సన్నని రంపం. అది చీల్చే గాడి అర మిల్లీమీటరుకు కాస్త పైన మాత్రమే ఉండాలి. మెట్టు తీగ కాలు ఆ గాడిలో బిగుతుగా దిగాలి, వదులుగా ఊగకూడదు, చెక్కను చీల్చకూడదు. రంపం పక్కన చిన్న చెక్క అడ్డు బిగిస్తే కోత లోతు అనుకున్న చోటికి రాగానే అదే ఆపుతుంది. ఆపే పనిముట్టు కళ్లెదుట కనిపించేది ఇక్కడే.

వీణ మెట్టు వినికిడి. ఇరవై నాలుగు మెట్లు, రెండు స్థాయిలు. తంజావూరు ఏలిన రఘునాథ నాయకుని కాలంలో ఈ అమరిక స్థిరపడిందని చెప్తారు. మెట్లను గాడిలో దిగగొట్టరు. మైనంలో నల్లపొడి కలిపి రెండు గట్లు కట్టి, వాటి మీద కూర్చోబెడతారు. మైనం మెత్తగా ఉన్నంతసేపు మీటుతూ, వింటూ, వెంట్రుకవాసి జరుపుతూ స్వరం దగ్గర నిలుపుతారు. మైనం గట్టిపడితే మేళం కుదిరినట్టు. ఏళ్లు గడిచి మైనం సడలితే మళ్లీ మేళం కట్టించుకుంటారు. తెలంగాణ కిన్నెర కూడా ఇదే కుటుంబం. ఎండిన బుర్రల మీద వెదురు దండి, దాని మీద తేనెమైనంతో నిలిపిన మెట్లు. ఆ పన్నెండు మెట్ల కిన్నెరను మోగించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. గిటారు గదిలో గోడమీద వేలాడే ఉక్కు స్కేలు చేసే పనిని కిన్నెర చేసేవాడి దగ్గర చెవి, మైనం కలిసి చేస్తాయి. ఒకటి ముందే లెక్కగట్టి ఆగుతుంది, ఇంకొకటి విని ఆగుతుంది. రెండింటికీ ఒకే గదిలో చోటుంటే ఆ గది ఎంత నిండుగా ఉంటుంది!

నిప్పు, నీళ్ల జోడీని చూడండి. గిటారు నడుము ఒంపులు రంపంతో కోసినవి కావు. రెండు మిల్లీమీటర్ల మందం, తొంభై, నూరు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పలకను తడిపి, కాలుతున్న ఇనుప గొట్టం మీద ఆనించి వంచుతారు. దీనికి వేలు పోసి యంత్రం కొననక్కర్లేదు. పాత బోరు గొట్టం ముక్కను బల్ల అంచుకు బిగించి లోపల వేడి పెడితే చాలు. చుక్క నీళ్లు చిలకరిస్తే అవి అంటుకోకుండా ఉరకాలి. అది సరైన వేడి. పలకను ఊపుతూ, తడుపుతూ, అరచేతులతో మెల్లగా నొక్కుతుంటే మొదట మొండికేస్తుంది. కొద్దిసేపటికి చెక్కలో పోగులను పట్టి ఉంచే జిగురు పదార్థం మెత్తబడి, చేతుల కింద పలక ఒక్కసారిగా లొంగుతుంది. ఆ లొంగుబాటు వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు బలం తగ్గించాలి. తగ్గించనివాడి చేతిలో పలక టప్పున విరుగుతుంది. చల్లారాక ఆ ఒంపు అలాగే నిలిచిపోతుంది. చెక్క తన ఒంపును తానే గుర్తుపెట్టుకుంటుంది.

ఆ పక్కపలకలకు ప్రపంచమంతా కోరుకునేది మన జిట్రేగి. దక్షిణాది అడవుల నుంచి పోయిన ఈ కర్ర స్పెయిన్, అమెరికా గిటార్లకు వీపై, పక్కలై పలుకుతోంది. 2017లో ఈ జాతి చెట్లన్నింటినీ అంతర్జాతీయ వ్యాపార ఆంక్షల పట్టికలో చేర్చారు. 2019 చివర తయారైన వాద్యాలకు సడలింపు ఇచ్చారు. ఎంత కొట్టాలో ఎక్కడ ఆపాలో అడవి విషయంలోనూ తెలియాలని ఆ నిబంధనల సారం. జగిత్యాలవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. కాపు ఉడిగిన ముసలి మామిడి మాను. హవాయి దీవుల్లో మామిడికర్రతో ఉకులేలేలు చేస్తారు. బంగారు వన్నె, నల్లని చారలు, అలల్లాంటి మెరుపు. వంటచెరుకుగా పోతున్న ఆ దుంగల్లో ఒకటి కోతమిషను దగ్గర పలకలుగా చీల్పించి, చివరలకు మైనం పూసి, నీడన రెండు మూడేళ్లు ఆరబెట్టుకుంటే గిటారు వీపు సిద్ధం.

అతికే పనిలో క్లాంపులు ఎన్ని ఉన్నా చాలవనేది ఈ విద్య తెలిసినవాళ్లందరి మాట. పైపలక లోపలి బద్దలను అతికేటప్పుడు మాత్రం ఒక అద్భుతమైన ఉపాయం ఉంది. బల్ల మీద ఒక పైకప్పు కట్టి, పలకకూ ఆ కప్పుకూ మధ్య కాస్త పొడుగైన సన్నటి వెదురు బద్దలను విల్లులా వంచి నిలబెడతారు. వంగిన ప్రతి బద్దా నిటారు కావాలని చూస్తూ కింద అతుకును నొక్కుతుంది. ఒక్కోటి నొక్కేది కొద్దిగానే, కానీ వరసగా నిలబెట్టిన డజన్ల బద్దలు ఒత్తిడిని సమంగా పంచుతాయి. మేదరి ఇంట దొరికే వెదురు చాలు. ఇనుప క్లాంపు స్క్రూ తిప్పుతూ పోతే చెక్క నలిగిపోతుంది. వెదురు తన శక్తికి మించి నొక్కలేదు. దాని హద్దు దాని ఒంట్లోనే ఉంది. ఒంపులు తిరిగిన చోట సైకిల్ దుకాణంలో పారేసిన ట్యూబును పొడవాటి పట్టీగా కోసి గిటారు చుట్టూ బిగించి కడితే ఏ ఖరీదైన క్లాంపూ చేరలేని మూలలను అది కావలించుకుంటుంది. తోళ్లు ఉడికించి తీసే సరేసు బంకది ఇంకా పెద్ద మనసు. అరవై డిగ్రీల వేడిలో పూస్తే ఇనుములా పట్టుకుంటుంది. వందేళ్ల తర్వాత మరమ్మతు చేసేవాడు మళ్లీ వేడి, తేమ తగిలిస్తే వదులుతుంది.

మన ఎండలకు ఒక పనిముట్టు తప్పనిసరి. గోడకు తగిలించే చిన్న తేమ మీటరు. గిటారు చెక్కలు అతికే వేళకు గదిలో తేమ నలభై ఐదు, యాభై శాతం మధ్య ఉండాలి. నలభై ఐదు డిగ్రీలు దాటే జగిత్యాల వైశాఖంలో గాలి ఎండుగడ్డిలా ఉంటుంది. శ్రావణంలో అదే గాలి పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. ముసురులో ఉబ్బిన చెక్కను అతికితే మేలో కుంచించుకుని చీలుతుంది. మీటరు ముల్లు ఒప్పుకోని రోజున ఉలులకు సాన పట్టుకోవడం ఉత్తమం. ఈ రోజుకు ఆగు అని చెప్పే పనిముట్టు ఇదొక్కటే.

చివరి మెరుగు లక్క. లక్కపురుగు ఇచ్చిన బంకను స్పిరిటులో కరిగించి, దూదిని గుడ్డలో చుట్టి, నూనెచుక్క అద్ది, గుండ్రంగా రుద్దుతూ పొర మీద పొర వేస్తారు. లాడ్ బజార్ గాజులకు మెరుపునిచ్చే లక్కే ఇది. స్పెయిన్ గిటార్ల మీద కూడా ఇదే. పొర మందమైతే పైపలక గొంతు నొక్కినట్టవుతుంది. మెరిసిందని కన్ను సంబరపడే చోటికి కాస్త ముందే చేయి ఆగాలి.

ఇప్పుడు ఈ విద్యకు మూలపురుషుడైన అంటోనియో దె టోరెస్ దగ్గరికి పోదాం. 1817లో స్పెయిన్‌లోని అల్మెరియా ప్రాంతంలో పుట్టి, చిన్ననాడే వడ్రంగం నేర్చి, 1892లో పోయిన మనిషి. ఈనాటి క్లాసికల్ గిటారు ఆకారం, 650 మిల్లీమీటర్ల తీగ, పైపలక లోపల విసనకర్రలా పరిచిన బద్దలు ఆయన చేతిలోనే కుదురుకున్నాయి. 1862లో ఆయన ఒక గిటారు చేశాడు. వీపు, పక్కలు కాగితపు గుజ్జుతో చేసినవి. పైపలక మాత్రం మంచి చెక్క. నాదానికి మూలం పైపలకేనని నిరూపించడానికి చేసిన పని అది. ఆ గిటారు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. ఖరీదైన కర్రల మోజునంతా ఒక్క దెబ్బతో పక్కకు తోసి, పలుచటి పలక మీద మనిషి తీసుకున్న తీర్పే సంగీతమని ఆయన తేల్చాడు. నీ రహస్యమేమిటని అడిగినవాళ్లకు ఆయన బొటనవేలు, చూపుడువేలు కలిపి చూపించాడని చెప్పుకుంటారు. ఆ రెండు వేళ్ల మధ్య పలకను వంచి చూడటమే ఆయన కాలిపరు.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కూడా వాద్యాన్ని అట్లాగే చూశాడు. ఎనిమిది తీగల పడమటి వాద్యాన్ని అయిదు తీగలకు కుదించి, కర్ణాటక గమకానికి ఒదిగించాడు. తగ్గించడంలోనే వాద్యం మనదైంది. పనిముట్ల గదికి కూడా ఇదే వర్తిస్తుంది. అందం ఎన్ని ఉన్నాయన్న దాంట్లో లేదు. ఉన్నవాటిలో ప్రతిదానికీ దాని హద్దు చెప్పే జోడు పక్కనే ఉండటంలో ఉంది.

కాబట్టి బుగ్గారంలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఇంటి వెనుక గదిని సిద్ధం చేసుకునే కుర్రవాళ్లకు నా వరస ఇది. మొదట సానరాళ్లు. తర్వాత మూడు ఉలులు, ఒక పొడుగు రందా, ఒక పొట్టి రందా, గీకే రేకు, గున్యా, ఉక్కు స్కేలు, మెట్ల రంపం. ఆపైన కాలిపరు, తేమ మీటరు. గొట్టం, వెదురు, ట్యూబులు ఊళ్లోనే. పలకలు చీల్చే పెద్ద రంపం యంత్రం కొనవద్దు, ఆ పని కోతమిషనుకు వదిలేయండి. దూరం నుంచి తెప్పించుకోవలసినవి మూడే. చలిదేశాల్లో నిదానంగా పెరిగిన పైపలక చెక్క, మెట్ల తీగ, బిరడల జత. మిగతా గిటారంతా మన మామిడితోటలో, మన కొలిమిలో, మన మేదరి గడపలో ఇప్పటికే ఉంది. మొదటి గిటారు మందంగా, గొంతు పూడుకుపోయినట్టు పలికినా సరే. రెండో దానికి ఇంకో పావు మిల్లీమీటరు ధైర్యంగా తీయండి. తీస్తూ, ప్రతి పది తోపులకు ఒకసారి రేకును కింద పెట్టి పలకను తట్టి వినండి.